పాట గడప దాటినది, పాటగాడో?

పెద్దపల్లి జిల్లా ఓదెల గ్రామమున మల్లన్న జాతర జరుగు దినములలో గుడి ముందరి నేల రంగుల తివాచీవలె కనిపించును. ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యపు పిండి చేతబట్టి పట్నములు వేయుదురు. డమరుకము మ్రోగించుచు, మల్లన్న గొల్ల కేతమ్మను పెండ్లియాడిన వృత్తాంతమును చెప్పుదురు. వినువారిలో అన్ని కులములవారును ఉందురు. చెప్పువారు మాత్రము తరతరములుగా గొల్ల కురుమలే. ఆ హక్కు వారికి పుట్టుకతో వచ్చినది.

ఉత్తర తెలంగాణమున పాటకు కులము కలదు. డప్పు మాదిగలది. మాదిగలకు వారి జాంబపురాణము వినిపించి త్యాగము పుచ్చుకొనువారు డక్కలివారు, చిందువారు. చావు జరిగిన ఇంట పాడునది బుడగజంగములు. దూరమున డప్పు మ్రోత వినబడినంతనే మ్రోగించువాని వాడ ఏదో ఊరికి తెలిసిపోవును. పాట ఎంత మధురమైనను, పాడువాడు ఏ గడప వద్ద నిలువవలెనో ముందుగనే నిర్ణయమై యుండును.

పాట ఆ గడప దాటి పట్టణమునకు, సినిమాకు, అంగడికి పోయినపుడు ఏమగును? ఈ ప్రశ్న తెలంగాణమునకు మాత్రమే చెందినది కాదు. కులమునకు మారుగా చర్మపు రంగును ఉంచి చూచినచో అమెరికా నీగ్రోల వంశీయుల పాటకును ఇదే గతి పట్టినది. తమను నల్లవారమని వారే సగర్వముగా చెప్పుకొనుచున్న కాలమిది గనుక ఆ పేరుతోనే పిలుచుట న్యాయము.

1973 ఆగస్టు 11వ తేదీ రాత్రి, న్యూయార్కు నగరపు బ్రాంక్సు పేటలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520వ నెంబరు అద్దె ఇండ్ల భవనమున ఒక బాలిక చిన్న వేడుక చేసినది. బడి తెరచునాటికి క్రొత్త బట్టలు కొనుక్కొనుటకు నాలుగు డబ్బులు కూడబెట్టుకొనవలెనని ఆమె కోరిక. రికార్డులు వేయు పని ఆమె అన్న క్లైవ్ క్యాంప్‌బెల్ చూచుకొన్నాడు. జమైకా ద్వీపమునుండి వచ్చిన ఆ యువకుని పేటవారు కూల్ హెర్క్ అని పిలిచెడివారు. పాట ఆగి వట్టి తాళము మ్రోగు చోట జనము మరింత ఉత్సాహముగా ఆడుచున్నారని గమనించి, రెండు రికార్డు యంత్రములు ప్రక్కప్రక్కన పెట్టి ఆ తాళపు భాగమునే మరల మరల వినిపించుట అతని నేర్పు. ఆ తాళముపై మాటలను విసరుట ర్యాప్ అయినది. మొత్తము కళకు హిప్ హాప్ అని పేరు వచ్చినది. వాద్యములు కొనలేని పేటలో రికార్డు యంత్రమే వాద్యమైనది.

ఆరు సంవత్సరములు ఇది పేటలోనే పెరిగినది. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ అను ముగ్గురి బృందము రికార్డు దేశమంతట మ్రోగినది. అందొకడు పాడిన మాటలు గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ అను బ్రాంక్సు పాటగాని నోటు పుస్తకములోనివి. ఆ పాటగాడు తన్నుతాను పొగడుకొనుచు ఉపయోగించిన సొంత పేరు గూడ మార్పు లేకుండ రికార్డుకెక్కినది; రచయితగా మాత్రము అతని పేరు ఎక్కలేదు. ఇచ్చట తీసికొన్నవాడును నల్లవాడే, పోగొట్టుకొన్నవాడును నల్లవాడే. కావున తప్పంతయు రంగుపై నెట్టుట తొందరపాటు. అంగడి నోటు పుస్తకమునే అడుగును. అది ఎవరిదని అడుగదు.

కాని రంగు ప్రశ్న ఎంతో కాలము ఆగలేదు. అమెరికా పాటల పట్టికలో మొట్టమొదట అగ్రస్థానమందుకొన్న ర్యాప్ పాట 1990లో వచ్చినది. పాడినవాడు వెనిల్లా ఐస్ అను తెల్ల యువకుడు. అతనిని గూర్చిన ప్రచారములో వీధులలో పెరిగిన కష్టజీవితమొకటి వర్ణింపబడినది. పత్రికలవారు విచారించగా ఆ కథ నిలువలేదు. విచిత్రమేమనగా, అంగడి నల్లవాని పాటను మాత్రమే కోరలేదు. అతని కష్టమును గూడ నగవలె ధరింపగోరినది. ఆ కష్టము పడినవాడు మాత్రము దానికి అవసరము లేకపోయినాడు.

దీనికి విసిగిన వారు చిన్న కంపెనీల రికార్డులతో, రేడియో ఎరుగని సభలతో ఒక చాటు లోకమును కట్టుకొన్నారు. అండర్‌గ్రౌండ్ అని దానికి పేరు. అమ్ముడుపోని పాటయే నిజమైన పాట అని ఆ వర్గము వాదన. తీరా చూచినచో ఆ చాటు సభలలో పెక్కింట ముందు వరుసలు తెల్ల కళాశాల విద్యార్థులతో నిండినవి. నల్లవారి పేటలలో రేడియో పాటయే మ్రోగుచుండెను. ఇక అంగడిలో లక్షలుగా అమ్ముడుపోయిన కెండ్రిక్ లమార్ కూర్పునకే 2018లో పులిట్జరు బహుమానము వచ్చినది. చాటున ఉన్నంత మాత్రమున పాట పవిత్రము కాదు. వెలుగులోనికి వచ్చినంత మాత్రమున మైలపడదు.

తెలంగాణమున చాటు పాట అనునది అలంకారము కాదు, అక్షరార్థము. 1972లో ఏర్పడిన జననాట్యమండలి పాటలు రైతుకూలీ పోరాటముల వెంట నడచినవి. 1978లో జగిత్యాల జైత్రయాత్ర నాటికి కరీంనగరు పల్లెలలో ఆ పాట ఎరుగని వాడ అరుదు. గద్దరు 1985లో అజ్ఞాతవాసమునకు పోయి 1990లో తిరిగి బహిరంగ సభకు వచ్చినాడు. ఆ ఐదేండ్లును మనిషి కనబడలేదు; గొంతు కాసెట్లలో చేతులు మారుచునే యున్నది. గోదావరికి ఆవలి ఒడ్డున, పూర్వపు ఆదిలాబాదు జిల్లా లింగాపురమున పుట్టిన గూడ అంజయ్య వ్రాసిన ‘ఊరు మనదిరా’ పాట పెక్కు భాషలలోనికి పోయినది. వీరిద్దరును దళితవాడలలో పుట్టినవారే. గోచి, గొంగడి, చేతికర్ర, డప్పు – ఏ వేషము ఊరిలో చిన్నచూపునకు గురియైనదో ఆ వేషమునే వేదికపై గౌరవ చిహ్నముగ నిలబెట్టుట వారి తరము సాధించిన పని.

ఒక మాట చెప్పక తప్పదు. ఉద్యమము గూడ బాణీలను అరువు తెచ్చుకొన్నదే. ఒగ్గు కథ నడక, బుర్రకథ వంత, నాటువేయు కూలితల్లుల ఉయ్యాల పాట – వీనిలో మాటలు మార్చి క్రొత్త పాటలు కట్టినారు. ఆ తల్లుల పేర్లు ఏ కాసెట్టుపైనను లేవు. ‘మా భూమి’ చిత్రమున గద్దరు తెరపై పాడగా ఆబాలగోపాలమునకు తెలిసిన పాట, నిజాము కాలపు సాయుధ పోరాటమున యాదగిరి కట్టినది. అది గద్దరు పాటయేయని నేటికిని నమ్మువారు తక్కువ లేరు. గద్దరు దానిని దొంగిలించినవాడు కాదు, బ్రతికించినవాడు. అయినను బ్రతికించిన గొంతు కట్టినవాని పేరును కప్పివేయుట క్యాజ్ కథను తలపునకు తెచ్చును.

తరువాతి చరిత్ర మరింత చిత్రము. 1995లో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’ చిత్రమున చెల్లెలిపై వ్రాసిన పాటకు ప్రభుత్వము నంది బహుమానము ప్రకటింపగా గద్దరు నిరాకరించినాడు. 2023 ఆగస్టు 6న అతడు మరణించినాడు. 2025 జూన్ మాసమున తెలంగాణ ప్రభుత్వము తన సినిమా బహుమానములను అతని పేరుతోనే ఇచ్చినది. బహుమానమును కాదన్నవాడు బహుమానమైనాడు! దీనిని విజయమనువారును ఉన్నారు, మచ్చిక చేయుట అనువారును ఉన్నారు. రెండును కొంత నిజమే. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన వెనుక సాంస్కృతిక సారథి అను సంస్థలో వందలాది పాటగాండ్రకు ప్రభుత్వ వేతనము దొరకినది. జీతముపై పాడు పాటకు పదును ఉండునా అని మధ్యతరగతి విమర్శకుడు అడుగును. మొదటి తారీఖున తన ఇంటికి జీతము వచ్చుచుండగా పాటగాడు మాత్రము పస్తుండి పదును కాపాడవలెనని కోరుట ఏమి న్యాయమో అతడే చెప్పవలెను.

పల్లెలో పాట స్వచ్ఛముగా ఉండెననియు, పట్టణమునకు వచ్చి చెడినదనియు అనుట గూడ అట్టిదే. పల్లెలో డప్పు కొట్టుట కళ కాదు, వెట్టి. చింతకర్ర కట్టునకు మేకతోలు బిగించి, మంటకు కాచి, ఒక చేత సిర్ర, మరియొక చేత చిటికెన పుల్ల పట్టి శవము ముందు నడచినవానికి పెట్టినది కూలి కాదు. నడువననువానికి పడినది శిక్ష. అందుచేతనే ఆ కుటుంబములలోని యువకులు పెక్కుమంది డప్పును అటకెక్కించినారు. చావు డప్పు కొట్టనని నిరాకరించుట ఆత్మగౌరవ పోరాటములో ఒక ఘట్టము. ఇంతలో అదే డప్పు పట్టణపు వేదికపై కళగా వెలసినది. ఏ కులపు విద్యార్థియైనను నేడు దానిని నడుమునకు కట్టుకొని చప్పట్లందుకొనవచ్చును. ఆట ముగిసిన వెంటనే విప్పి గోడకు తగిలించవచ్చును. మాదిగ బాలుడు దానిని విప్పినను ఊరు విప్పనీయదు. తెల్లవాడు ర్యాప్ పాడుటలో చిక్కు ఎచ్చట ఉన్నదో ఇచ్చటను అచ్చటనే ఉన్నది: పాడరాదని కాదు, ఇద్దరికి పడు వెల ఒకటి కాదు.

ఇద్దరు మొగిలయ్యల కథ దీనికి దృష్టాంతము. నాగర్‌కర్నూలు ప్రాంతపు డక్కలి కళాకారుడు దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న వీరగాథను పాడెడివాడు. 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రగీతమునకు ఎత్తుగడగా అతని గొంతు వినబడినది. 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024లో అతడు కూలిపనికి పోవుచున్నాడని పత్రికలు వ్రాసినవి. రెండవవాడు వరంగల్లు ప్రాంతపు బుడగజంగము పస్తం మొగిలయ్య. భార్య కొమురమ్మతో కలసి, చావు ఇండ్ల వాకిళ్ళలో పాడు బాణీనే 2023 మార్చిలో విడుదలయిన ‘బలగం’ చిత్రము చివరి ఘట్టమున పాడినాడు. సిరిసిల్ల ప్రాంతపు కుటుంబకథయగు ఆ చిత్రమును పల్లెలలో వీధులలో తెర కట్టి ప్రదర్శింపగా, విడిపోయిన అన్నదమ్ములు ఏడ్చి కలిసికొన్నారని వార్తలు వచ్చినవి. అప్పటికే అతనికి మూత్రపిండముల వ్యాధి. చిత్ర బృందమును ప్రభుత్వమును కొంత సాయపడినను 2024 డిసెంబరు 19న కన్నుమూసినాడు. అదే చిత్రములోని వేరొక పాటకు కాసర్ల శ్యామ్ రచనకుగాను 2025లో జాతీయ బహుమానము ప్రకటింపబడినది. తెలంగాణ పలుకుబడికి ఆ గౌరవము తగినదే. శ్యామ్ పాటకు కర్త కలడు. చావు పాటకు కర్త లేడు.

పొరుగున తమిళదేశమున ఈ మాట మరింత సూటిగా వినబడినది. తేయాకు తోటలలో తన అవ్వ పడిన శ్రమనుండి అరివు అను దళిత ర్యాప్ కవి కట్టిన ‘ఎంజాయ్ ఎంజామి’ 2021లో లోకమంతట మ్రోగినది. ఆ యేటి ఆగస్టులో ఒక సంగీత పత్రిక ముఖచిత్రముపై గాయని ధీ కనబడినది, అరివు కనబడలేదు. చలనచిత్ర దర్శకుడు పా. రంజిత్ బహిరంగముగా అడిగిన తరువాత అరివుకు వేరొక ముఖచిత్రము దొరకినది. తెలుగున ర్యాప్ పాడు యువకులు హైదరాబాదు బస్తీలనుండి వచ్చుచున్నారు. గల్లీ పేరు గర్వముగా చెప్పుకొందురు. కులము పేరు పాటలోనికి అరుదుగానే వచ్చును.

ఇక కాగితము సంగతి. 1957నాటి కాపీరైటు చట్టమును 2012లో సవరించి, సినిమా పాటను సినిమాహాలులో గాక వేరుచోట వాడుకొన్నపుడు రచయితకు, సంగీతకర్తకు వాటా రావలెనని నియమించినారు. గాయకునికి గూడ కొంత హక్కు కలిగినది. ఇది మేలైన సవరణ. కాని చట్టము కర్తను వెదకును. డక్కలివాని ఎత్తుగడకు, ఒగ్గువాని నడకకు, బుడగజంగము శోకమునకు చట్టమెరిగిన కర్త లేడు. జానపదమునకు ప్రత్యేక రక్షణ ఆ చట్టమున లేదు. కర్త పేరు వ్రాయవలసిన గడిలో ‘జానపదము’ అని వ్రాసి, క్రింద సంతకములు పెట్టుకొందురు. ఒప్పందము ముగియును.