బస్తా రేటు కాదు, లోపలున్న ప్రొటీన్ రేటు అడగండి

పూడిమడక ఒడ్డున ఎండబెట్టిన చిన్న చేప ఎక్కడికి పోతాదో ఎప్పుడైనా ఆలోచించారా? మంచి నెత్తళ్ళు వంటింటికి పోతాయి. చితికినవి, తినడానికి పనికిరానివి మన తీరంలో చాలా కాలంగా కోళ్ళ మేతకి పోతన్నాయి. పొడై, మొక్కజొన్నతోటి, సోయా చెక్కతోటి కలిసి బస్తాలోకి ఎక్కుతాయి. రొయ్యల మేతలోనూ చేప పొడి ఉంటాది.

చేప పొడి కొనే ఫ్యాక్టరీ వాడు బస్తాలెన్ని అని మాత్రమే చూడడు. ప్రొటీన్ ఎంత శాతం, ఇసక ఎంత, ఉప్పు ఎంత అని పరీక్ష చేయించి రేటు కడతాడు. మంచి పొడిలో ప్రొటీన్ 60 శాతం దాకా ఉంటాది. ఇసక కలిస్తే ఆ శాతం పడిపోతాది, దాంతోపాటు రేటూ పడిపోతాది.

మరి మనం గేదెకి దాణా కొనేటప్పుడు ఏటి చేస్తన్నాం? "బస్తా ఎంత?" అని అడిగి, తక్కువది బండి మీద వేసుకుని వచ్చేస్తన్నాం. అమ్మేటప్పుడు మన సరుకుని శాతం లెక్కన కొంటన్నారు. కొనేటప్పుడు మనం ఆ శాతమే చూడట్లేదు.

ఒక లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే. 50 కిలోల బస్తా 1,200 రూపాయలు, ప్రొటీన్ 16 శాతం. అంటే లోపల 8 కిలోల ప్రొటీన్, కిలో 150 పడింది. ఇంకో బస్తా 1,400, ప్రొటీన్ 22 శాతం. లోపల 11 కిలోలు, కిలో 127 పడింది. ఖరీదనుకున్న బస్తాయే చవక!

పాలిచ్చే గేదెకి రెండు లీటర్ల పాలకి సుమారు కిలో దాణా, ఒంటి పోషణకి ఇంకో కిలో, కిలోన్నర కావాలి. ఆరు లీటర్లిచ్చే గేదె సుమారు పన్నెండు రోజుల్లో బస్తా ఖాళీ చేసేస్తాది. ఏడాదంతా ఇలాగే పెడితే సుమారు ముప్పై బస్తాలు. తప్పు బస్తా కొంటే ఆ నష్టం ముప్పైసార్లు.

రేటు ఎందుకు పెరుగుతాది? బస్తాలోని సరుకు మన ఊరి సంతలో తేలేది కాదు. 2021లో సోయాబీన్ క్వింటా 10,000 దాటిపోయింది. ఆ ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి ఒప్పుకుంది. 2023 జూలైలో మేత రేట్లు దించాలని నూనె తీసిన తవుడు ఎగుమతి ఆపింది, 2025 అక్టోబరులో మళ్ళీ వదిలింది. మొక్కజొన్నకి ఇప్పుడు కోళ్ళతోపాటు ఇథనాల్ ఫ్యాక్టరీలూ పోటీ. ఇవన్నీ మన చేతిలో లేవు. బస్తా మీద చీటీ చదవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

అందుకే మూడు పనులు చెయ్యండి. ఒకటి, చీటీ మీద ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ శాతాలు చూడండి. పశువుల దాణాకి బీఐఎస్ ప్రమాణంలో మొదటి రకానికి కనీసం 22, రెండో రకానికి 20 శాతం ప్రొటీన్ ఉండాలి. చీటీ లేని బస్తా కొనొద్దు. యూరియా కలిపినా పరీక్షలో ప్రొటీన్ అంకె పెరుగుతాది. కాబట్టి అనుమానమొస్తే పశువుల డాక్టర్ని అడగండి.

రెండు, సొంతంగా కలుపుకుంటే శాతాలు గుర్తుంచుకోండి. మొక్కజొన్నలో 9, తవుడులో 12 నుంచి 13, వేరుశనగ చెక్కలో 40 పైనే. తవుడొక్కటే పోస్తే పాలు రావు. పది ఇళ్ళు కలిసి చెక్క ఒకేసారి తెచ్చుకుంటే కిరాయి కలిసొస్తాది.

మూడోది చేపలమ్మే అక్కలకి. ఇసక మీద కాకుండా వలల మీదో, చప్టా మీదో ఆరబెట్టండి. అమ్మే ముందు "ప్రొటీన్ ఎంతొచ్చింది, చీటీ చూపించు" అని అడగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. ఆ రోజుల్లో ఇంట్లో మిగిలిన ఎండు చేపకి ప్రతి శాతమూ డబ్బే.

ఫోన్లో లెక్కల మెషీన్ అందరికీ ఉంది. ఈసారి దాణా కొట్టుకి వెళ్ళినప్పుడు నాన్న వెంట మీరూ వెళ్ళండి, లెక్క మీరు కట్టండి.