క్యారవాన్‌లో వేడినీళ్ళు బంద్!

"షాట్ రెడీ!" అన్న కేక వినబడగానే తారలు మెరిసిపోతూ క్యారవాన్ దిగడం మీరు ఫోటోల్లో చూసే వుంటారు. ఆ తలుపు వెనకాల ఏముంటుందోనని మన కుర్రకారుకి ఎంత కుతూహలమో మాకు తెలుసు. ఏసీ వుంటుంది. చుట్టూ బల్బులున్న మేకప్ అద్దం వుంటుంది. నడుం వాల్చడానికి సోఫా వుంటుంది. ఓ మూల బుల్లి బాత్‌రూము, అందులో గోడకి బిగించిన గీజరూ వుంటాయి. ఈ వారం మన కథానాయకుడు ఆ గీజరే! నవ్వకండి. చలికాలం తెల్లవారుజామున అది మొరాయిస్తే యూనిట్ మొత్తం ఎలా తల్లడిల్లిపోతుందో మొన్న లంబసింగిలో కళ్ళారా చూసి వచ్చాం.

మంచులో కార్తీక స్నానం

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున వున్న వూరు లంబసింగి. 'ఆంధ్రా కాశ్మీర్' అని ముద్దుపేరు. దానికి దగ్గర్లోనే తాజంగి జలాశయం. దాని ఒడ్డున షూటింగు. తల్లి పాత్ర వేస్తున్న ఓ సీనియర్ నటీమణి నడుములోతు నీళ్ళలో దిగి, మూడు మునకలు వేసి, అరటి దొప్పలో దీపం వదలాలి. పొగమంచు వుండగానే తీయాలని డైరెక్టరుగారి పట్టుదల. ఎండెక్కితే మంచు పోతుంది, మంచు పోతే సీను పోతుంది!

ఆవిడకి అరవై దాటాయి. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. మొదటి టేకులో దీపం ఆరిపోయింది. "ఇంకోటి చేద్దాం నాయనా" అని తనే అన్నారు. పళ్ళు టకటకలాడుతుంటే తువ్వాలు కప్పుకుని క్యారవాన్ ఎక్కారు. చీర మార్చాలి, జుట్టు ఆరబెట్టాలి. అంతకు ముందు నాలుగు చెంబులు వేడినీళ్ళు పోసుకుని వొంట్లో చలి దింపుకోవాలి. కుళాయి తిప్పారు. చన్నీళ్ళు! రెండు నిమిషాలు ఆగి చూశారు. చన్నీళ్ళే!

అంతే, బయట కేకలు మొదలయ్యాయి. ప్రొడక్షన్ మేనేజరు క్యారవాన్ కుర్రాడి మీద విరుచుకుపడ్డారు. ఇరవై ఏళ్ళ పిల్లాడు, పనిలో చేరి రెండు నెలలే. "గీజర్ కాలిపోయిందంటే నీ జీతంలోంచే కోస్తాను!" అనేసరికి వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు వచ్చాడు క్యారవాన్ డ్రైవరు. యూనిట్లో చిన్నవాళ్ళంతా ఆయన్ని 'బాబాయ్' అంటారు. మేమూ అలాగే అందాం.

ముందు మనిషి, తర్వాత మిషను

బాబాయ్ గీజర్ వంక కన్నెత్తి కూడా చూడలేదు. ముందు కుర్రాణ్ణి మెస్ వాళ్ళ దగ్గరికి పరిగెత్తించాడు. అక్కడ పెద్ద పొయ్యి మీద గుండిగలో నీళ్ళు మరుగుతున్నాయి. రెండు బకెట్లు తెప్పించి, చన్నీళ్ళు కలిపి లోపల పెట్టించాడు. "ముందు అమ్మగారికి వెచ్చబడనీండి. మిషను ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

ఆ వేడినీళ్ళు చూసి ఆవిడ నవ్వారు. "మా రోజుల్లో గీజరెక్కడిది నాయనా! లంక గ్రామాల్లో షూటింగంటే వూళ్ళో ఎవరో ఒకరు కాగులో నీళ్ళు కాచి ఇచ్చేవాళ్ళు. నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చీరలు అడ్డం పట్టుకుంటే అదే మేకప్ రూము!" అన్నారు. నిజమే. 1990ల మొదట్లో బొంబాయిలో నటి పూనమ్ ధిల్లాన్ చొరవతో మేకప్ వ్యాన్లు వచ్చాకే ఈ సుఖం మన తారలకి అలవాటయింది. అలవాటయిన సుఖం ఆగిపోతేనే గదా అసలు కష్టం!

లైట్లు వెలుగుతున్నాయిగా?

"కరెంటుంది బాబాయ్, లోపల లైట్లు వెలుగుతున్నాయి" అన్నాడు కుర్రాడు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారట. క్యారవాన్‌లో సాధారణంగా కరెంటు రెండు దారుల్లో వస్తుంది. చిన్న లైట్లు, నీళ్ళ పంపు బ్యాటరీ మీద నడుస్తాయి. ఏసీ, గీజర్ లాంటి బకాసురులకి మాత్రం బయట జనరేటర్ నుంచి 230 వోల్టుల కరెంటు రావాలి. లైటు వెలిగినంత మాత్రాన గీజరుకి తిండి అందినట్టు కాదు!

లెక్క చూడండి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండుగా వున్నా అందులో వుండేది 1800 వాట్ అవర్లు. అంటే లెక్క ప్రకారం చూసినా ఆ గీజర్ని గంటసేపు కూడా నడపలేదన్నమాట.

అందుకని బాబాయ్ మొదట జనరేటర్ వ్యాన్ దాకా నడిచాడు. ఒక్కోసారి షూటింగు లైట్లకి లోడు చాలక ఆపరేటరు క్యారవాన్ లైను తీసేస్తాడట. ఇక్కడ తీయలేదు. కేబుల్ గట్టిగానే వుంది. హెయిర్ డ్రయ్యర్ పెట్టి చూస్తే తిరిగింది. కరెంటు వస్తోంది.

తర్వాత ఎమ్‌సీబీ. పైకే వుంది. "ఇది పడిపోయి వుంటే ఒక్కసారి లేపొచ్చు. మళ్ళీ పడిందా, లోపల ఏదో తేడా వుందని అది చెబుతున్నట్టే. వేలితో నొక్కి పట్టుకోవడం, పెద్ద సైజుది మార్చడం బుద్ధి తక్కువ పని" అన్నాడు.

మూడోది నీళ్ళు. గీజర్‌లో అడుగు నుంచి చన్నీళ్ళు లోపలికి తోసుకొస్తేనే పైనున్న వేడినీళ్ళు బయటికొస్తాయి. పంపు ఆగినా, గీజరు వాల్వు మూసినా వేడినీళ్ళ కుళాయి ఎండిపోతుంది. ఇక్కడ ధార బాగానే వుంది, కాకపోతే చల్లగా వుంది. అంటే నీళ్ళున్నాయి, కరెంటుంది, గీజరు ఎర్రదీపం మాత్రం వెలగడం లేదు.

బాబాయ్ అప్పుడడిగాడు అసలు ప్రశ్న. "రాత్రి ముందు పంపు వేశావా, గీజర్ వేశావా?"

కుర్రాడు తల దించుకున్నాడు.

గుట్టు బయటపడింది

సంగతేమిటంటే, నర్సీపట్నం దాటాక ఘాట్ రోడ్డు. 300 లీటర్ల నీళ్ళంటే 300 కిలోల బరువు! అంత బరువు కొండెక్కించడం ఎందుకని కింద ట్యాంకూ గీజరూ ఖాళీ చేసేశారు. పైకొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. కుర్రాడు ట్యాంకు నింపాడు గానీ, నిద్రమత్తులో ముందు గీజర్ స్విచ్ వేసి, కాసేపటికి పంపు వేశాడు. చుక్క నీరు లేని గీజరు ఉత్తినే కాలింది!

అదృష్టం కొద్దీ గీజర్‌కి ఇద్దరు కాపలాదార్లుంటారు. ఒకడు థర్మోస్టాట్. నీళ్ళు కాగితే ఆపుతాడు, చల్లారితే మళ్ళీ వేస్తాడు. రెండోవాడు థర్మల్ కటౌట్. వేడి హద్దు దాటితే కరెంటు తెంచేసి కూర్చుంటాడు. చాలా గీజర్లలో మనం బటన్ నొక్కేదాకా మళ్ళీ కలపడు. రాత్రి రెండోవాడే పని చేశాడు. గీజర్ చెడిపోలేదు, తనని తాను కాపాడుకుంది!

ఇంతలో లైటింగ్ డిపార్టుమెంటు ఎలక్ట్రీషియన్ ఒకాయన ముందుకొచ్చాడు. "ఇంత యాతన దేనికి? ఆ కటౌట్ పీకేసి వైర్లు డైరెక్టుగా కలిపేస్తా. రెండు నిమిషాల పని" అన్నాడు. మేనేజరుగారి మొహం వెలిగిపోయింది. అవతల మంచు పలచబడుతోంది మరి!

"నా బండిలో కుదరదు" అన్నాడు బాబాయ్.

ఆయన చెప్పింది అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "కటౌట్ లేనప్పుడు థర్మోస్టాట్ అతుక్కుపోయిందనుకో, నీళ్ళు మరుగుతూనే వుంటాయి. బోరు నీళ్ళకి సేఫ్టీ వాల్వులో సున్నం పేరుకుని వుంటే ఆవిరి పోయే దారుండదు, గీజరు పేలుతుంది. అదొక్కటే కాదు. వొట్టిగా కాలిన ఎలిమెంటు చిట్లి వుంటే కరెంటు నీళ్ళలోకి, బండి బాడీలోకి దిగుతుంది. ఇది రబ్బరు టైర్ల మీద నిలబడ్డ ఇనప డబ్బా. ఎర్తు సరిగా లేకపోతే బాడీ అంతా కరెంటే! అమ్మగారు ఇందాక తడిబట్టలతో, వొట్టి కాళ్ళతో ఆ ఇనప మెట్టు ఎక్కారు. చూశారుగా?"

ఎవరూ మాట్లాడలేదు. ఎలక్ట్రీషియనే ముందు తేరుకుని, "నిజమే బాబాయ్, నేనే మీటర్ తెస్తా" అన్నాడు.

టిక్ మన్న బటన్!

గీజర్ స్విచ్ ఆపారు. ఎమ్‌సీబీ దించారు. జనరేటర్ కేబుల్ ఊడదీశారు. టెస్టర్‌తో మరోసారి చూసుకున్నారు. ఆ తర్వాతే మూత విప్పారు. ఎలిమెంటు వైర్లు విడదీసి మీటర్ పెడితే 26 ఓమ్‌లు చూపించింది. 2000 వాట్ల ఎలిమెంటుకి అంతే వుండాలి. అసలేమీ చూపించకపోతే అది తెగిపోయినట్టే. ఎలిమెంటుకీ గీజర్ బాడీకీ మధ్య చూశారు. ఎక్కడా కలవలేదు, కారుడు లేదు. జనరేటర్ దగ్గర ఎర్తు కడ్డీ భూమిలో దిగి వుందో లేదో, 30 మిల్లీ ఆంపియర్లకే ఆగే లీకేజీ బ్రేకరు టెస్టు బటన్ నొక్కితే పడుతుందో లేదో అదీ చూశారు. అప్పుడు కటౌట్ బటన్ నొక్కితే, టిక్! వైర్లు, మూత బిగించి కరెంటు ఇవ్వగానే ఎర్రదీపం వెలిగింది. కుర్రాడి మొహం కూడా!

"మళ్ళీ కొట్టేసిందంటే ఇంక నొక్కొద్దు. థర్మోస్టాటో, ఎలిమెంటో పోయినట్టు. నర్సీపట్నం దిగి కొత్తది తేవాల్సిందే" అని బాబాయ్ హెచ్చరిక.

పది డిగ్రీలున్న 15 లీటర్ల నీళ్ళు యాభై డిగ్రీలకి రావాలంటే 2000 వాట్ల గీజరుకి ఇరవై నిమిషాలు దాటుతుంది. మరి ఈలోగా? ఈలోగా ఏముంది, బకెట్ నీళ్ళతో తేరుకున్న అమ్మగారు పొడి చీర కట్టుకుని రెండో టేకుకి వెళ్ళారు. దీపం ఆరలేదు. "ఓకే!" అని డైరెక్టరుగారు గంతేశారు. ఆవిడ వణుకుతూ వచ్చేసరికి కుళాయిలో పొగలు కక్కే నీళ్ళు!

అమెరికాలో అయితే గ్యాస్!

ఈ కథ ఫోన్లో చెబితే, అమెరికాలో వున్న మా బావ పకపకా నవ్వాడు. మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుని పిల్లలతో ఎల్లోస్టోన్ పార్కుకి వెళ్ళినప్పుడు వాళ్ళకీ ఇదే అవస్థట. అక్కడి బళ్ళలో హీటరు ఎక్కువగా గ్యాస్ మీద నడుస్తుంది. 6 గ్యాలన్లు, అంటే దాదాపు 23 లీటర్ల ట్యాంకు మామూలు. గ్యాస్ వున్నా నిప్పురవ్వ పుట్టించడానికి 12 వోల్టుల బ్యాటరీ కావాలి. బ్యాటరీ నీరసిస్తే మంట అంటుకోదు. కొన్నిసార్లు ప్రయత్నించి హీటరే ఆగిపోతుంది, ప్యానెల్ మీద దీపం వెలుగుతుంది.

అప్పుడు ముందు గ్యాస్ పొయ్యి వెలిగించి చూడాలట. పొయ్యి వెలిగితే గ్యాస్ వస్తున్నట్టే. ఆ తర్వాత చూడాల్సింది బర్నర్ గొట్టం. సాలీళ్ళు, కందిరీగలు అందులో గూళ్ళు పెడతాయి! మంట బాగానే వుండి నీళ్ళు మాత్రం గోరువెచ్చగా వస్తుంటే బైపాస్ వాల్వు సంగతి చూడాలి. మంచు కాలంలో ట్యాంకు పగలకుండా నీళ్ళు తీసేసినప్పుడు దాన్ని తిప్పుతారు. మళ్ళీ మామూలుగా తిప్పడం మరిచిపోతే చన్నీళ్ళు పక్కదారిన వచ్చి కలిసిపోతాయి. మా బావ బండిలో జరిగిందదే! గ్యాస్ వాసన వస్తే మాత్రం స్విచ్ ముట్టుకోకుండా అందరూ దిగిపోవాలి, బయటి నుంచి సిలిండర్ మూసేయాలి. అక్కడైనా ఇక్కడైనా సూత్రం ఒకటే. ఆగిపోయిన హీటర్‌ని తిట్టేముందు, ఎందుకు ఆగిందో అడగాలి.

ప్యాకప్!

ఇంతకీ కుర్రాడి జీతం ఏమైందంటారా? మేనేజరుగారు ఇంకా గుర్రుగానే వున్నారని తెలిసి అమ్మగారు కబురు పెట్టారు. "ఆ పిల్లాడి జీతం కోశారంటే రేపటి షాటుకి నేను నీళ్ళలో దిగను!" అని. మేనేజరుగారు నవ్వేశారు.

మర్నాడు వెళ్ళి చూస్తే గీజర్ స్విచ్ మీద ఓ కాగితం అంటించి వుంది. వంకర టింకర అక్షరాలతో 'ముందు నీళ్ళు. తర్వాత కరెంటు' అని. సినిమా విడుదలయ్యాక ఆ కార్తీక దీపం సీను తెర మీద అరనిమిషం వుంటుందేమో. చూసినప్పుడు ఆ తల్లికి చప్పట్లు కొట్టండి. అందులో ఓ రెండు మాత్రం, "నా బండిలో కుదరదు" అన్న బాబాయ్‌కి!