నిద్ర బాకీ పోగయ్యే చోటు

మేలుకొని ఉన్నకొద్దీ నిద్ర ముంచుకురావడం, కంటినిండా నిద్రపోయాక ఆ భారం దిగిపోవడం అందరికీ అనుభవమే అయినా, మెదడులో ఆ బాకీ ఏ రూపంలో పోగవుతుందన్నది శాస్త్రవేత్తలకు చాలాకాలం అంతుచిక్కలేదు. ఈ చిక్కుముడి విప్పడంలో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయానికి చెందిన మసాషి యనగిసావా బృందం కృషి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. జన్యువుల్లో యాదృచ్ఛికంగా మార్పులు కలిగించిన 8,000కు పైగా చిట్టెలుకలను పరీక్షించిన ఆ బృందం, మామూలు కన్నా బాగా ఎక్కువసేపు నిద్రపోయే ఒక వంశాన్ని గుర్తించి, సిక్3 అనే జన్యువులో వచ్చిన మార్పే అందుకు కారణమని 2016లో ప్రకటించింది. ఈ జన్యువు నుంచి తయారయ్యే ప్రోటీన్ ఒక కైనేజ్, అంటే ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన సమూహాన్ని తగిలించి వాటి పనితీరును మార్చే ఎంజైమ్.

ఈ రకం చిట్టెలుక ఎంత నిద్రపోయినా దాని నిద్ర తనివి తీరదు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం దాన్ని, నిద్రపోనివ్వకుండా ఉంచిన మామూలు చిట్టెలుకతో పక్కపక్కన పెట్టి చూసింది. బలవంతపు మెలకువ ఒత్తిడిని కూడా తెచ్చిపెడుతుంది కనుక, ఆ మెదడులో కనిపించే మార్పు దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టం. అయితే ఒకటి తక్కువగా, మరొకటి ఎక్కువగా నిద్రపోయిన ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది తీరని నిద్ర అవసరమే. ఇంత చక్కని పోలిక ప్రయోగశాస్త్రంలో అరుదు.

ఈ రెండు మెదళ్లలో ఫాస్ఫేట్లు ఏ ప్రోటీన్లపై ఎంత ఉన్నాయో పోల్చే పద్ధతి ఇది: మెదడు నుంచి ప్రోటీన్లను వేరుచేసి, ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో పెప్టైడ్లనే తునకలుగా కోసి, వాటికి విద్యుదావేశం కలిగించి మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపితే, ఆ యంత్రం ఒక్కో తునక ద్రవ్యరాశికీ ఆవేశానికీ ఉన్న నిష్పత్తిని కొలుస్తుంది. ఫాస్ఫేట్ తగిలిన తునక సుమారు 80 డాల్టన్లు, అంటే దాదాపు 80 హైడ్రోజన్ పరమాణువుల బరువంత, అదనంగా తూగుతుంది. ఆ తునకను మరింత విరిచి చూస్తే ఫాస్ఫేట్ ఏ అమైనో ఆమ్లాన్ని అంటిపెట్టుకుందో కూడా తెలుస్తుంది.

నిద్ర అవసరాన్ని బట్టి ఫాస్ఫేట్లు మారుతున్నట్టు ఈ విధంగా తేలిన 80 ప్రోటీన్లలో 69 సినాప్స్‌లకు, అంటే నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు అందించుకునే సంధులకు, చెందినవే. మెలకువలో వాటిపై ఫాస్ఫేట్లు పేరుకుంటాయి, నిద్రలో తరిగిపోతాయి. రెండు మార్పులు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేము గనుక, సిక్3 చర్యను అడ్డుకొని చూసినప్పుడు ఆ ఫాస్ఫేట్లతోపాటు నిద్ర అవసరాన్ని సూచించే, గాఢనిద్రలోని మంద మెదడు తరంగాలు కూడా తగ్గడం ఈ పరిశోధనలో అన్నిటికన్నా విలువైన ఫలితం. మ్యూనిక్, జ్యూరిక్ శాస్త్రవేత్తలు 2019లో సినాప్స్‌లను విడిగా పరిశీలించినప్పుడు, చిట్టెలుకలను నిద్రపోనివ్వకపోతే అక్కడి ఫాస్ఫేట్ల రోజువారీ హెచ్చుతగ్గులు దాదాపు పూర్తిగా ఆగిపోయాయి.