కుండపెంకుకు పేరు పెట్టేదెవరు?

తవ్వకాల్లో బంగారం దొరికితే పేపర్లో వస్తుంది. కానీ ఎక్కువగా దొరికేవి కుండపెంకులు. అక్కడ మామూలు మనుషులు ఎప్పుడు, ఎట్లా బతికారో చెప్పేవీ అవే. ఈ పెంకుల్ని రకాలుగా విడదీసే పని ఇప్పుడు కంప్యూటర్‌కూ నేర్పుతున్నారు. ఆ నేర్పడం ఎట్లాంటిదో మనం తెలుసుకోవాలి.

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రం ఈశాన్య భాగంలో, తెల్లటి ఒంటిమీద నల్లరంగు గీతలున్న పాత్రల పెంకులు విస్తారంగా దొరుకుతాయి. ఇంచుమించు వెయ్యేళ్ల కిందటివి. పురాతత్వవేత్తలు వీటిని 'టుసయాన్ వైట్ వేర్' అంటారు. గీతల తీరునుబట్టి రకం, రకాన్నిబట్టి కాలం చెపుతారు. నార్తర్న్ ఆరిజోనా యూనివర్సిటీకి చెందిన పావ్లోవిచ్, డౌనమ్ అనే పరిశోధకులు వేల పెంకుల ఫొటోలతో కంప్యూటర్‌కు ఈ విద్య నేర్పి, 2021లో ఫలితాలు ప్రకటించారు. అది అనుభవజ్ఞులైన నిపుణులకు దీటుగా నిలిచింది.

కంప్యూటర్‌కు ఫొటో అంటే అంకెల వరుసలు మాత్రమే. అది ముందు అంచుల్ని, తర్వాత గీతల్ని, ఆ తర్వాత వాటి అల్లికల్ని పొరలు పొరలుగా పసిగడుతుంది. ఒక పేరు ఊహిస్తుంది. తప్పయితే లోపలి లెక్కల్ని కాస్త సవరించుకుంటుంది. వేలసార్లు ఇట్లా చేశాక తప్పులు తగ్గుతాయి.

అయితే తప్పో ఒప్పో చెప్పేదెవరు? ముందే ఫొటోకు పేరు తగిలించిన నిపుణులు. అంటే యంత్రం నేర్చుకునేది సత్యాన్ని కాదు, వాళ్ల చూపుని. పైగా ఈ పాఠమంతా అలంకరణ ఉన్న పెంకులతోనే సాగింది. రోజూ పొయ్యిమీద మసిబారిన బూడిదరంగు వంటకుండలు ఇందులో లేవు.

పేరు చిన్న సంగతి కాదు. ఈ పాత్రలు చేసిన జనాన్ని పురాతత్వవేత్తలు చాలాకాలం 'అనసాజీ' అన్నారు. అది పొరుగు నవాహోల మాట. 'శత్రువుల పూర్వీకులు' అనే అర్థం చెపుతారు. వారసులైన హోపీలు మాత్రం తమ పూర్వీకుల్ని 'హిసత్సినోమ్', అంటే ఎప్పటివాళ్లో అయిన మనవాళ్లు, అంటారు. అభ్యంతరాలు వచ్చాకే పండితులు పాత మాట వదులుకుంటూ వచ్చారు. 'హరిజన' అనే మాటను తిరస్కరించిన మనకు ఈ పోరాటం కొత్తది కాదు.

19వ శతాబ్దం చివర నంపెయో అనే హోపీ-టేవా కుమ్మరి స్త్రీ, పాత పెంకులు చూసి ఆ అలంకరణకు మళ్లీ ప్రాణం పోసింది. ఆమె చేతికి తెలిసింది ఏ పట్టికలోనూ పూర్తిగా ఎక్కదు.

యంత్రం వద్దని మేం అనడంలేదు. గుట్టలుగా పడివున్న పెంకుల్ని అది త్వరగా విడదీస్తుంది, మంచిదే. కానీ దానికి పాఠం చెప్పేచోట కుండ చేసినవాళ్ల వారసులు కూర్చోవాలి. లేకపోతే పాత చూపే కొత్త యంత్రంలో స్థిరపడిపోతుంది. అప్పుడు ప్రశ్నించడం మరింత కష్టమవుతుంది.