గడప లోపల, గడప బయట

ఒక మనిషి మరొకరి ఇంటికి వచ్చాడనుకోండి. అతడు ఎక్కడ ఆగాడో గమనించండి. వీధిలో నిలబడి పిలిచాడా? అరుగుమీద కూర్చున్నాడా? గడప దాటి పడసాలలోకి వచ్చాడా? లేక నేరుగా వంటింటిలోకి వెళ్ళి, "ఏం వండినావక్కా?" అని అడిగాడా? అతడు ఆ ఇంటివారికి ఏమవుతాడో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. అతడు ఆగిన చోటే చెబుతుంది.

పావగడ తాలూకాలోని అరసికెరె వంటి ఊళ్ళలో పెరిగినవారికి ఇది తెలిసిన సంగతే. (హాసన్ జిల్లాలో రైల్వే జంక్షన్ ఉన్న అరసికెరె వేరు.) ఇటు తెలుగు, అటు కన్నడం వినిపించే సీమ ఇది. తెలుగువారి అరుగు కన్నడంలో జగలి, గడప హొస్తిలు. పేరు ఏదైనా, దాన్ని ఎవరు దాటవచ్చు, ఎవరు దాటరాదు అన్న నియమాన్ని ఎవరూ రాతిమీద చెక్కలేదు. అయినా ఒకప్పుడు అది పల్లెల్లో అందరికీ తెలుసు. పంట పండించిన కూలివాడే ఆ బస్తాలు మోసుకొచ్చి అరుగు దగ్గర దింపి వెనుదిరిగేవాడు. గింజలు లోపలికి పోయేవి, మనిషి బయటే ఉండిపోయేవాడు.

సినిమా తీసేవారు ఈ సంగతిని బాగా వాడుకొన్నారు. కెమెరా గడప లోపల ఉంటే, బయట నిలబడినవాడు తలుపు చట్రంలో చిక్కుకొన్నట్లు చిన్నగా కనిపిస్తాడు. అదే కెమెరాను అతని వెనుక పెడితే, ఇంటి లోపలి భాగం చీకటిగా, అందనిదిగా తోస్తుంది. ఇల్లూ అదే, తలుపూ అదే. మనం ఎవరి పక్కన నిలబడి చూస్తున్నామన్నదే మారింది.

పాత తెలుగు సినిమాలలోని జమీందారు బంగళాను గుర్తు తెచ్చుకోండి. హాలు మధ్యలో పెద్ద మెట్లదారి ఉంటుంది. మన పల్లెల్లో ఏ ఇంట్లోనూ అలాంటిది కనబడదు! అది స్టూడియోలో వేసిన సెట్టు. ధనవంతుణ్ణి పైమెట్టుమీద నిలబెట్టి, పేదవాడు కిందినుంచి తల ఎత్తి మాట్లాడేటట్లు చేయడానికే దాన్ని కట్టారు.

'గుండమ్మ కథ' (1962)లో ఇంతకంటె సున్నితమైన పని జరిగింది. బి. విఠలాచార్య కన్నడంలో తీసిన 'మనె తుంబిద హెణ్ణు' (1958) దీనికి మూలం. ఆ పేరులోనే 'మనె', అంటే ఇల్లు ఉంది. లక్ష్మి ఆ ఇంటి యజమాని కూతురే. కాని సవతి తల్లి గుండమ్మ ఆమెను పనిమనిషిలా చూస్తుంది. ఇంటి బిడ్డ అయినా ఆమెకు మిగిలింది వంటపని, పెరటిపని. సొంత కూతురు సరోజకు ఆ పనులు అంటవు. పనివాడుగా వచ్చిన అంజి రుబ్బురోలు ముందు కూర్చొని పిండి రుబ్బుతూ పాడతాడు. లక్ష్మి బరువును పంచుకొనే మనిషి మనకు రుబ్బురోలు దగ్గరే దొరుకుతాడు.

బి. నర్సింగరావు తీసిన 'దాసి' (1988) నవ్వించే సినిమా కాదు. తెలంగాణలో దొరల ఇళ్ళను గడీలు అనేవారు. ఎత్తయిన గోడలు, పెద్ద దర్వాజా ఉండి, ఇంటికన్నా కోటలా కనిపించేవి. ఈ కథ అలాంటి గడీలో ఊడిగం చేసే కమలాక్షిది. ఆ సినిమాలో మాటలు తక్కువ. గోడలు, వాకిళ్ళు, నీడలు ఎక్కువగా మాట్లాడతాయి. గడీనంతా శుభ్రం చేసే మనిషికి అందులో తనది అని చెప్పుకొనే మూల ఒక్కటీ లేదనిపిస్తుంది. కళాదర్శకత్వానికి చిత్రకారుడు టి. వైకుంఠానికి, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్‌కు, నటనకు అర్చనకు జాతీయ పురస్కారాలు వచ్చాయి. గౌతమ్ ఘోష్ 'మాభూమి' (1980)లో ఇటువంటి గడీయే ఉంది. అందులో రైతులు గుంపుగా గడీమీదికి నడుస్తారు. అన్నాళ్ళూ వంగి నిలబడిన వాకిలి అది.

అయితే ఈ దారిలో ముందు నడిచినది గూడవల్లి రామబ్రహ్మం సినిమా 'మాలపిల్ల' (1938). కథ చలం రాశాడు. ఊరి గుడిలోకి దళితులను రానివ్వకూడదని పట్టుబట్టినవాడు సుందరరామశాస్త్రి. ఒకనాడు ఆయన ఇల్లు అంటుకొంటుంది. భార్య లోపల చిక్కుకొంటుంది. అప్పుడు మంటల్లోకి దూకి ఆమెను కాపాడినది దళితుల పక్షాన నిలిచిన మనిషే. మండుతున్న ఇంటి గడప దగ్గర ఎవరూ ఎవరి కులమూ అడగలేదు. ఆ తరువాతే శాస్త్రి మనసు మారి గుడి తలుపు తెరుచుకొంటుంది. ఇంటి గడప దాటాక గుడి గడప దాటడం, ఈ వరుసను దర్శకుడు ఊరకే పెట్టలేదు.

మరుసటి ఏడు, 1939లో, మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి చట్టం వచ్చింది. 1955లో అస్పృశ్యతను నేరంగా శిక్షించే చట్టం దేశమంతటికీ వచ్చింది. గుడి, బావి, హోటలు, అంగడి అన్నీ అందులో ఉన్నాయి. ఎవరింటి పడసాలలోకి ఎవరు రావచ్చునన్న మాట మాత్రం అందులో లేదు.