తాను కరిగి ఇనుమును కాచే జింకు

పెద్దాపురానికి కాకినాడ రేవు సుమారు 20 కిలోమీటర్ల దూరం. చేపలూ, రొయ్యలూ మంచుగడ్డల్లో వేసుకుని వచ్చే బండ్లు దారి పొడుగునా ఉప్పునీటిని కార్చుకుంటూ పోతాయి. మంచు కరిగిన నీరు చేపల ఉప్పుతో కలిసి, తొట్టి సందుల్లోంచి చాసీ మీదకు దిగుతుంది. అటువంటి బండి కిందికి ఒకసారి దూరి చూడండి. పట్టీల మడతల్లో ఇనుము పొరలు పొరలుగా పెచ్చులూడి కనిపిస్తుంది. సుత్తితో తడితే ఖంగుమనవలసిన చోట బొద్దుమంటుంది. నిండు బరువుతో పోయే బండికి చాసీ విరగడమంటే మనుషుల ప్రాణాలతో చెలగాటమే.

ఓడ అడుగున జింకు దిమ్మలు బిగిస్తారనీ, ఆ జింకు కరిగిపోతూ ఓడ ఇనుమును కాపాడుతుందనీ విన్నవారికి ఒక సందేహం రావడం సహజం. అదే దిమ్మను లారీకో, కారుకో బిగిస్తే పోలేదా? ప్రశ్న మంచిదే. జవాబు మాత్రం ఓడ దగ్గర నుంచే మొదలు పెట్టాలి.

తుప్పు పట్టడం కూడా ఒక విద్యుత్ వ్యవహారమే. లోహం తనలోని విద్యుత్కణాలను వదులుకుని తడిలో కరిగిపోతుంది. రెండు లోహాలను ఒకదానికొకటి ఆనించి ఒకే నీటిలో ఉంచామనుకోండి. వాటిలో త్వరగా కరిగే గుణమున్నది ముందుగా కరుగుతూ, తన విద్యుత్కణాలను రెండోదానికి పంపుతుంది. దానితో రెండోది నిలుస్తుంది. ఇనుము కన్న జింకుకు ఆ గుణం ఎక్కువ. అందుకే దీనిని బలి లోహం అంటారు.

ఈ కిటుకును 1824లో ఇంగ్లండులో సర్ హంఫ్రీ డేవీ లోకానికి చాటాడు. ఆనాటి కొయ్య ఓడలకు అడుగున రాగిరేకు తొడిగేవారు. సముద్రపు నీరు ఆ రాగిని తినేస్తుంటే బ్రిటిష్ నౌకాదళానికి ఖర్చు భరించరానిదయింది. రాగికి కాస్త జింకునో, ఇనుమునో ఆనిస్తే చాలునని డేవీ తేల్చాడు. రాగి వైశాల్యంలో నూరో వంతు ఉన్నా పని జరుగుతుంది! ఇనుప ముక్కలు బిగించుకుని పరీక్షకు వెళ్లిన ఓడల్లో సమరంగ్ ఒకటి. అది మన కొచ్చిన్‌లో కట్టి 1822లో నీటిలోకి దించిన ఓడ కావడం విశేషం.

రాగి నిలిచింది. కాని ఓడ నడక మందగించింది. కరిగే రాగి విషానికి చచ్చే నాచూ, నత్తగుల్లలూ, రాగి కరగడం మానగానే ఓడ అడుగును పట్టుకుని విడువలేదు. డేవీ లెక్క ఎక్కడా తప్పలేదు, పాపం. అయినా కొద్ది సంవత్సరాల్లోనే నౌకాదళం ఆ ముక్కలను ఊడబీకించింది. ఇనుప ఓడలు వచ్చాక ఆ ఉపాయమే మళ్లీ గౌరవం పొంది, నేటికీ నడుస్తున్నది.

ఇక మన లారీ సంగతి. ఓడ అడుగుకు, దాని జింకుకు మధ్య ఎప్పుడూ ఒకే సముద్రం ఉంటుంది. లారీకి ఆ భాగ్యం లేదు. దాని మీద ఉండేది పలుచని తడి, అదీ ఇక్కడొక మరక, అక్కడొక చుక్క. చాసీకి బిగించిన దిమ్మ తన చుట్టూ తడి పరుచుకున్న కొద్దిపాటి మేర తప్ప కాచలేదు. తలుపు మడతలో నిలిచిన నీటికీ, చక్రం దగ్గరి జింకుకూ సంబంధమే లేదు. ఇనుము ద్వారా కలిసి ఉంటే చాలదు, నీటి ద్వారా కూడా కలిసి ఉండాలి. బ్యాటరీ కరెంటుతో కారుకు తుప్పు రాకుండా చేస్తామని అమ్మిన పరికరాలపై అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1990లలో చర్య తీసుకున్నది. అటువంటివి కొని డబ్బు పోగొట్టుకోవద్దు.

ఈ ‘ఒకే తడి’ నియమం మన జిల్లాల వారికి చేదు జ్ఞాపకం కూడా. భూమిలో పాతే గొట్టాల బయటి వైపును ఇటువంటి విద్యుత్ రక్షణతో కాపాడతారు. లోపలి తడి జోలికి అది పోలేదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాసు గొట్టం నుంచి మంటలు లేచి 20 మందికి పైగా మరణించారు. పొడి గ్యాసుకని వేసిన గొట్టంలో తడి గ్యాసు నడవడం వల్ల లోపలి నుంచి తుప్పు తినేసిందని విచారణలో తేలింది.

అయితే బండికి జింకు పనికిరాదా? భేషుగ్గా పనికివస్తుంది, దిమ్మగా కాదు, పూతగా. 1837లో ఫ్రాన్సులో సోరెల్ అనే ఇంజనీరు కరిగిన జింకులో ఇనుమును ముంచే పద్ధతికి పేటెంటు పొందాడు. మన ఇళ్ల మీది ముడతల రేకు ఆ వంశానిదే. దానిమీద గీత పడి ఇనుము బయటపడినా, ఆ గీతలో చేరిన నీటి చుక్కకు రెండు ఒడ్డులా జింకే ఉంటుంది. కనుక ఎంత చిన్న చుక్కయినా ఫరవాలేదు. పోర్షె కంపెనీ 1970లలోనే తన 911 కారుకు ఇటువంటి రేకు వాడింది. 1986లో వచ్చిన ఆడి 80కి బాడీ అంతా జింకు పూతే. అన్నట్టు, స్నానాల గదిలోని గీజరు తొట్టిలో మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. అదీ బలి లోహమే. తొట్టిలో ఎప్పుడూ నీరు నిండుగా ఉంటుంది గనుక అక్కడ దిమ్మ పద్ధతే చెల్లుతుంది. కడ్డీ అరిగిపోయాక మార్చకపోతే తొట్టి వంతు వస్తుంది.

పాత బండి ఉన్నవారు చేయదగిన పని చేతిలోనే ఉన్నది. ఉప్పునీటి సరుకు దించిన రోజే అడుగుభాగాన్ని మంచినీటితో కడిగించండి. తలుపుల కింద నీరు పోయే చిన్న రంధ్రాలు మట్టితో పూడిపోయి ఉంటాయి, పుల్లతో తెరవండి. జింకు పొడి దండిగా కలిపిన రంగు దొరుకుతుంది. ఇనుము తళతళలాడేలా గీకిన తరువాతనే దానిని వేయాలి. తుప్పు మీద వేస్తే జింకు ఇనుమును తాకదు, తాకకపోతే కాచదు. తుప్పు మీదే లప్పం పూసి పైన మెరిసే రంగు కొట్టే టింకరింగు ఒక్క వానాకాలం ఆగితే గొప్ప. జింకు పూసిన రేకును వెల్డింగు చేయించేటప్పుడు గాలి ఆడే చోట చేయించండి. ఆ తెల్లని పొగ పీల్చిన పనివానికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది.