ఇంగ్లీషులో మన పందికొక్కు

ఇంగ్లీషు నిఘంటువులో ‘బాండికూట్’ అనే పదం చూడండి. అది మన ‘పందికొక్కు’ నుంచి వెళ్లిందే. కొక్కు అంటే ఎలుక. కృష్ణా డెల్టాలో వరి గట్లు తవ్వి, కంకులు బొరియల్లో దాచుకునేది ఇదే. తెగ తినేవాణ్ణి మనం “పందికొక్కులా మెక్కుతున్నావు” అంటాం.

ఆస్ట్రేలియా వెళ్లిన ఇంగ్లీషువారు అక్కడి పొడుగుముక్కు జంతువుకూ ఈ పేరే పెట్టారు. నిజానికి అది ఎలుక కాదు, కంగారూలాగా సంచిలో పిల్లల్ని పెంచేది. అక్కడ ‘బాండికూట్ చేయడం’ అంటే పైన మొక్క కదలకుండా కింద బంగాళాదుంపలు దొంగిలించడం. ‘బాండికూట్‌లా ఉన్నాడు’ అని దిగులుపడ్డవాణ్ణీ అంటారు.

వారు మన మాటను తప్పుగా పలికారు. ఆ తప్పే నిఘంటువుకెక్కింది. మరి నలుగురూ నవ్వుతారని ఇంగ్లీషు క్లాసులో మనం నోరు మూసుకోవడం ఎందుకు? తప్పయినా సరే, పలకండి!